హంతకుడి చేదు బాల్యానికి సమాజం సానుభూతి చూపాలా?

హత్యలు చేసిన ఒక మనిషి బాల్యం గురించి తీసిన డాక్యుమెంటరీ చూసి మీ మిత్రులంతా "పాపం" అంటుంటే, మీకు మాత్రం అతని చేతిలో చనిపోయినవారే గుర్తొచ్చి కోపం ఆగలేదని రాశారు. చిన్నప్పుడు కష్టాలు పడ్డాడన్న కారణంతో హంతకుడికి సమాజం సానుభూతి చూపాలా అని, చూపలేకపోవడం మీలోని లోపమా అని అడిగారు. హత్య కేసుల్లో ముద్దాయిల తరఫున వాదించడం, నేరం రుజువయ్యాక శిక్ష తగ్గించమని కోరుతూ వాళ్ల గత జీవితాన్ని వెతికి న్యాయమూర్తి ముందు పెట్టడం చాలాకాలంగా నా వృత్తి. కనుక నేను సానుభూతి చూపమనే చెబుతానని మీరు అనుకుని ఉండవచ్చు. నా అభిప్రాయం వేరు. హంతకుడి గతాన్ని శ్రద్ధగా విని తీరవలసిన బాధ్యత శిక్ష వేసేవారి మీద ఉంది, పసిపిల్లల రక్షణ చూసే వ్యవస్థల మీద ఉంది. ప్రజల సానుభూతిని మాత్రం హక్కుగా అడిగే వీలు ఎవరికీ లేదు. దాన్ని ఇవ్వలేకపోయినవారిని కఠినాత్ములని నిందించడం అన్యాయం.

మాటలు గాలిలో ఉన్నంతసేపు ఈ వాదనలో ఎవరి పక్షం వారికే గెలిచినట్టు కనిపిస్తుంది. అందుకని ఒక నిజమైన కేసును దగ్గరగా చూద్దాం. 1978 జులైలో అమెరికాలోని శాన్ డియాగో నగరంలో రాబర్ట్ ఆల్టన్ హారిస్ అనే వ్యక్తి తన తమ్ముడితో కలిసి బ్యాంకు దోపిడీకి పూనుకున్నాడు. దానికొక కారు అవసరమైంది. కారులో కూర్చుని హాంబర్గర్లు తింటున్న ఇద్దరు మిత్రులను, పదహారేళ్ల కుర్రాళ్లను, తుపాకీతో బెదిరించి ఊరి బయటికి తీసుకెళ్లి ఇద్దరినీ కాల్చి చంపాడు. ఆ తర్వాత ఆ పిల్లలు సగం తిని వదిలిన హాంబర్గర్లను తాను తిన్నాడు. అదే రోజు అతణ్ని పట్టుకున్న పోలీసుల్లో ఒకరు చనిపోయిన కుర్రాళ్లలో ఒకరి తండ్రి. తన కొడుకును చంపినవాడినే పట్టుకున్నానని ఆ క్షణానికి ఆయనకు తెలియదు. హారిస్ అంతకు కొన్నేళ్ల ముందు మరొక మనిషి మరణానికి కారణమై జైలుకు వెళ్లి, పెరోల్ మీద బయట ఉన్నవాడు.

ఇప్పుడు అతని గతం. తల్లి కడుపుతో ఉండగా తండ్రి తన్నడంతో నెలలు నిండకుండానే పుట్టాడు. తండ్రి తాగుబోతు, కన్నకూతుళ్లపై లైంగిక నేరానికి శిక్ష పడినవాడు. ఇంట్లో తొమ్మిదిమంది పిల్లలు దెబ్బల మధ్యే పెరిగారు. పద్నాలుగేళ్లు వచ్చేసరికి తల్లి కూడా అతణ్ని వదిలేసింది. అక్కడి నుంచి బాల నేరస్థుల నిర్బంధ గృహాలు, జైళ్లు. 1992 ఏప్రిల్‌లో అతణ్ని గ్యాస్ చాంబర్‌లో ఉంచి మరణశిక్ష అమలు చేశారు. కాలిఫోర్నియాలో పాతికేళ్ల తర్వాత అమలైన తొలి మరణశిక్ష అది.

మొదటి భాగం చదివినప్పుడు కలిగిన అసహ్యం రెండో భాగం చదివాక పోదు. రెండో భాగం చదివినప్పుడు కలిగిన బాధ మొదటి భాగం గుర్తుచేసుకున్నా పోదు. ఆ రెండింటినీ ఒకదానిలోంచి ఒకటి తీసివేసి మిగిలిందేమిటో చూడాలని ప్రయత్నించడంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారని నా అనుభవం. దెబ్బలు తిన్న ఆ పసివాడి మీద జాలిపడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఆ పసివాడి పేరు చెప్పి, తుపాకీ పట్టిన పాతికేళ్ల మనిషికి ఆ జాలిని బదిలీ చేయమని అడిగినప్పుడు మీకు కోపం వచ్చింది. ఆ కోపంలో అన్యాయమేమీ నాకు కనిపించడం లేదు.

"బాల్యమే అతణ్ని హంతకుణ్ని చేసింది" అనే మాట ఎంతవరకు నిజమో చూద్దాం. కేథీ విడమ్ అనే అమెరికా పరిశోధకురాలు 1967–1971 మధ్యకాలంలో హింసకు, నిర్లక్ష్యానికి గురైనట్టు కోర్టుల్లో రుజువైన 908 మంది పిల్లలను, అలాంటి చరిత్ర లేని 667 మందిని తీసుకుని, వాళ్లు పెద్దయ్యాక ఏమయ్యారో అరెస్టు రికార్డుల్లో వెతికారు. హింసాత్మక నేరాలకు అరెస్టయినవారు మొదటి వర్గంలో నూటికి సుమారు 11 మంది, రెండో వర్గంలో సుమారు 8 మంది. అంటే తేడా ఉంది, దాన్ని కాదనలేం. కానీ బాల్యంలో అంత హింస చూసినవారిలో కూడా నూటికి దాదాపు 89 మంది అలాంటి నేరంలో అరెస్టు కాలేదు. బాల్యం చెడింది కనుక హంతకుడయ్యాడని తేలిగ్గా అనేవారు, అలాంటి బాల్యాన్నే దాటుకుని ఎవరికీ హాని చేయకుండా బతుకుతున్న లక్షలమందిని అనుమానపు నీడలోకి నెడుతున్నారని గమనించరు. నా పరిచయస్తుల్లో అలాంటివారున్నారు. ప్రతి హత్య వార్త కిందా "చిన్నప్పుడు దెబ్బలు తిన్నాడట" అన్న వాక్యం చదివినప్పుడు వాళ్ల మనసు ఎంత చివుక్కుమంటుందో నాకు తెలుసు.

అయితే దీన్ని పట్టుకుని "కష్టాలు అందరూ పడ్డారు, అందరూ చంపారా?" అని నోరు మూయించడం కూడా సరికాదు. 1955లో హవాయిలోని కవాయ్ దీవిలో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, తల్లిదండ్రుల తాగుడు, కలహాల వంటి అనేక కష్టాల మధ్య పుట్టిన పిల్లల్లో సుమారు మూడోవంతు మంది నిలదొక్కుకుని మంచి మనుషులుగా ఎదిగారు. వాళ్ల జీవితాల్లో మళ్లీ మళ్లీ కనిపించిన అంశాల్లో ఒకటి, అమ్మమ్మో, మేనత్తో, ఒక టీచరో, ఎవరో ఒక్కరైనా వాళ్లను నమ్మి దగ్గరికి తీసుకోవడం. హారిస్ వంటి మనిషి జీవితంలో ఆ ఒక్కరి కోసం వెతికితే చాలాసార్లు ఎవరూ దొరకరు. ఇది హత్యకు సమర్థన కాదు. కాకపోతే, గట్టెక్కినవారిని చూపించి మునిగినవారిని తూలనాడేటప్పుడు అందరికీ ఒకే ఆసరా దొరకలేదన్న నిజాన్ని దాచకూడదు.

చట్టం ఈ చిక్కును భావోద్వేగాలకు వదిలేయకుండా రెండు దశలుగా విడదీసింది. నేరం చేశాడా లేదా అన్నది మొదటి దశ. సాధారణంగా అక్కడ బాల్యానికి చోటు లేదు. చేశాడని తేలాక ఎంత శిక్ష వేయాలన్నది రెండో దశ. అక్కడ గతం వినాలి. మన దేశంలో 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 235(2) సెక్షన్ శిక్షపై విడిగా వాదనలు వినాలని చెప్పింది, ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఆ నిబంధన కొనసాగుతోంది. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మరణశిక్షను అత్యంత అరుదైన కేసులకే పరిమితం చేస్తూ, నేరాన్నే కాక నేరస్థుణ్ని కూడా పరిగణనలోకి తీసుకోవాలని స్పష్టం చేసింది. అయినా శిక్షపై వాదన కొన్ని నిమిషాల తంతుగా ముగిసిపోవడం నేను చాలాసార్లు చూశాను. "ముద్దాయి పేదవాడు, భార్యాపిల్లలు ఉన్నారు, దయ చూపాలి" అని రెండు వాక్యాలు చెప్పి కూర్చునే వకీళ్ళు ఉండేవారు. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ పద్ధతిని తప్పుపట్టి, మరణశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో నిందితుడి కుటుంబ నేపథ్యం, చదువు, ఆర్థిక స్థితి, మానసిక స్థితి వంటి వివరాలను విచారణ కోర్టు స్థాయిలోనే తెప్పించాలని ఆదేశించింది. ఆ కేసులో దోషులు ఒకే ఇంట్లో ముగ్గురు మహిళలను చంపినవారు. వాళ్ల గతాన్ని, జైలు నడవడికను విన్న కోర్టు వాళ్లను వదిలేయలేదు. మరణశిక్షను కనీసం పాతికేళ్లు జైల్లో గడపాల్సిన యావజ్జీవంగా మార్చింది. గతాన్ని వినడమంటే క్షమించడం కాదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నా దగ్గర లేదు.

ఈ పని జరిగే తీరు గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటివారు ఊహించుకునేదానికీ దీనికీ చాలా తేడా ఉంటుంది. జైలు ములాఖత్‌లో ముద్దాయిని "మీ ఇంట్లో ఎలా ఉండేది?" అని అడిగితే, నిజంగా నరకం చూసినవాడు చాలాసార్లు "బాగానే ఉండేదండీ" అంటాడు. నాన్న కొట్టేవాడా అంటే "తప్పు చేస్తే కొట్టడా మరి" అంటాడు. ముంజేతి మీద కాలిన మచ్చ ఎదురుగా కనిపిస్తున్నా, అదెలా అయిందంటే గుర్తులేదంటాడు. సిగ్గు, తల్లిని బజారుకీడ్చకూడదన్న పట్టుదల, తనకు జరిగినది హింస అని అసలు తెలియకపోవడం, అన్నీ కలిసి నోరు నొక్కేస్తాయి. అసలు సంగతి బడి హాజరు పట్టీలో నెలల తరబడి ఖాళీగా ఉన్న గడుల్లో, ఆసుపత్రి చీటీల్లో, పక్కింటి ముసలావిడ మాటల్లో, పెళ్లయి దూరంగా వెళ్లిపోయి మళ్లీ ఆ ఇంటి గడప తొక్కని అక్క దగ్గర దొరుకుతుంది. 2003లో అమెరికా సుప్రీంకోర్టు కెవిన్ విగ్గిన్స్ అనే వ్యక్తి మరణశిక్షను కొట్టేసింది ఇందుకే: తల్లి పిల్లలను ఆకలికి వదిలేసిందని, అతని చేతిని కాలుతున్న స్టవ్‌కు అదిమిందని చెప్పే రికార్డులు ఉండగా, అతని న్యాయవాదులు వాటి వెంట సరిగా వెళ్లలేదు. మరోవైపు, అడగకముందే తన కష్టాల కథను మొదటి నుంచి చివరిదాకా తడుముకోకుండా చెప్పేవాడి విషయంలో నేను ఎక్కువ జాగ్రత్తగా ఉంటాను. అతను చెప్పిన ప్రతి వాక్యానికీ ఒక కాగితమో ఒక సాక్షో దొరికేదాకా దాన్ని కోర్టు ముందు పెట్టను.

ప్రజల ముందుకు వచ్చేది చాలాసార్లు ఈ రెండో రకం కథే. అక్కడ ఎదురు ప్రశ్న వేసే ప్రాసిక్యూటర్ ఉండడు, రికార్డు అడిగే న్యాయమూర్తి ఉండరు. ముప్పైమంది మహిళలను, బాలికలను చంపినట్టు ఒప్పుకున్న టెడ్ బండీ, 1989 జనవరి 24న మరణశిక్ష అమలయ్యే ముందురోజు జేమ్స్ డాబ్సన్ అనే క్రైస్తవ రేడియో ప్రముఖుడికి ఇంటర్వ్యూ ఇచ్చి, హింసాత్మక అశ్లీల పుస్తకాలే తనను ఇలా చేశాయన్నాడు. డాబ్సన్ అప్పటికే అశ్లీలతకు వ్యతిరేకంగా ఉద్యమిస్తున్న మనిషి. వినేవారికి ఏ కారణం కావాలో హంతకుడు దాన్నే చక్కగా అందించాడని నాకు అనిపిస్తుంది. 1976–77లో న్యూయార్క్‌లో ఆరుగురిని చంపిన డేవిడ్ బెర్కోవిట్జ్, పక్కింటి కుక్క రూపంలో దెయ్యం ఆజ్ఞాపించిందని చెప్పి లోకాన్ని ఊపేశాడు. 1979లో అదంతా కల్పించానని తానే ఒప్పుకున్నాడు. అతని కథకు ప్రచురణకర్తలు డబ్బు గుమ్మరిస్తారన్న భయంతోనే న్యూయార్క్ రాష్ట్రం 1977లో, నేరస్థుడు తన కథ అమ్ముకుని సంపాదించే డబ్బు బాధితులకు చెందేలా చట్టం తెచ్చింది. భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమంటూ 1991లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు కారణాలు కోర్టుకు ఉన్నాయి. కానీ హంతకుడి గతం మార్కెట్‌లో అమ్ముడుపోయే సరుకని ఒక రాష్ట్ర శాసనసభే గుర్తించాల్సి వచ్చిందని మీ మిత్రులు తెలుసుకోవడం మంచిది.

ఈ సరుకు అందరి దగ్గరా ఉండదు. మాటకారి, చూడటానికి బాగుండేవాడు, చదువుకున్నవాడు అయితే అతని బాల్యం నాలుగు ఎపిసోడ్లు అవుతుంది. అంతకంటే దారుణమైన బాల్యం గడిపి, నోరు విప్పి నాలుగు మాటలు చెప్పలేక, ఉచిత న్యాయసహాయంతో నెట్టుకొచ్చే ఖైదీ వైపు కెమెరా తిరగదు. బాధ ఎంత ఉందన్నదాన్ని బట్టి కాక, కథ ఎంత బాగా చెప్పారన్నదాన్ని బట్టి పంచే సానుభూతి హంతకుల మధ్య కూడా న్యాయం చేయలేదు. ఇక చనిపోయినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఒక కేసులో శిక్షపై వాదనలు ముగించి కోర్టు హాలు నుంచి బయటికి వస్తుంటే హతుడి తల్లి నన్ను ఆపి, "వాడి చిన్నతనం గురించి అంతసేపు చెప్పారు గదా లాయరుగారూ, మా అబ్బాయి చిన్నప్పుడు ఎలా ఉండేవాడో ఒక్కరూ అడగలేదేం?" అన్నారు. నా క్లయింటు తరఫున నేను చేయవలసిందే చేశాను, ఆ విషయంలో నాకు సందేహం లేదు. కానీ ఆమె అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మన విచారణల్లో హతుడు పోస్ట్‌మార్టం నివేదికలోని గాయాల పట్టికగా మిగిలిపోతాడు. అమెరికాలో 1991 నాటి పేన్ తీర్పు తర్వాత, మరణశిక్ష కేసుల్లో సైతం హతుడి కుటుంబం తమకు జరిగిన నష్టాన్ని కోర్టుకు చెప్పుకునే వీలు కలిగింది. మన సుప్రీంకోర్టు కూడా 2018లో మల్లికార్జున్ కోడగలి కేసులో, శిక్ష నిర్ణయించేముందు బాధితులపై నేరం చూపిన ప్రభావాన్ని వివరించే వాంగ్మూలానికి చోటు ఉండాలని అభిప్రాయపడింది. అది ప్రతి కోర్టులో నిత్యకృత్యం కావాలని ముద్దాయిల తరఫు వకీలుగా ఉండి కూడా నేను కోరుకుంటాను. రెండు జీవితాలూ పూర్తిగా విన్న న్యాయమూర్తి వేసే శిక్ష మీద నాకు ఎక్కువ నమ్మకం. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మంది ప్రాణాలు తీసిన వ్యక్తి పేరు తాను పలకనని, పోయినవారి పేర్లు పలకండని అప్పటి న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ పార్లమెంటులో అన్నప్పుడు ఆమె చేసింది కూడా ఈ లోటును సరిదిద్దే ప్రయత్నమే.

గతం హత్యలో అంతర్భాగమైన కేసులు మాత్రం వేరు. వాటిని నేను పైవాటితో కలపను. పంజాబ్ నుంచి ఇంగ్లండ్‌కు కాపురానికి వెళ్లిన కిరణ్‌జిత్ అహ్లువాలియా పదేళ్లపాటు భర్త చేతిలో చిత్రహింసలు పడి, 1989లో ఒక రాత్రి నిద్రపోతున్న అతనికి నిప్పంటించింది. హత్యానేరం కింద యావజ్జీవం పడింది. 1992లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చివరికి తీవ్రత తక్కువైన నేరం కింద అప్పటికే అనుభవించిన జైలుకు శిక్షను సరిపెట్టి ఆమెను విడుదల చేశారు. ఇక్కడ గతం ఎప్పుడో జరిగిపోయిన కథ కాదు; చనిపోయినవాడే ఆ గతానికి కర్త. ఇలాంటిచోట సమాజం సానుభూతి చూపాలని నేను గట్టిగానే అడుగుతాను. అపరిచితులను వెతికి వెతికి చంపినవాడిని ఈమె పక్కన నిలబెట్టి ఇద్దరూ పరిస్థితుల బాధితులే అనడం ఈమెకు చేసే అవమానం.

మరి హంతకుల బాల్యం గురించి తెలుసుకోవడం వల్ల ప్రయోజనమే లేదా అంటే, చాలా ఉంది. 2011లో నార్వేలో 77 మందిని చంపిన ఆండర్స్ బ్రేవిక్‌ను నాలుగేళ్ల వయసులో, 1983లో, ఓస్లోలోని పిల్లల మానసిక వైద్య కేంద్రం పరీక్షించింది. తల్లితో అతని పరిస్థితి ఆందోళనకరంగా ఉందని, ఆ ఇంటి నుంచి తీసి వేరే కుటుంబ సంరక్షణలో పెట్టాలని నిపుణులు సిఫారసు చేశారు. అది అమలు కాలేదు. అమలై ఉంటే ఆ 77 మంది బతికి ఉండేవారని నేను అనను, అలా ఎవరూ తేల్చలేరు. కానీ నాలుగేళ్ల పిల్లవాడు ప్రమాదంలో ఉన్నాడని కాగితం మీద ఉన్నప్పుడు కదలవలసిన మనుషులు కదిలారా లేదా అన్న ప్రశ్న, బ్రేవిక్ మీద జాలిపడాలా వద్దా అన్న ప్రశ్న కంటే నాకు వందరెట్లు ముఖ్యం. మీ మిత్రులకు ఆ డాక్యుమెంటరీ చూసి నిజంగా గుండె కరిగి ఉంటే, వాళ్ల జాలి చేరవలసిన చోటు ఇదే: ఈరోజు ఏదో ఒక ఇంట్లో దెబ్బలు తింటూ, ఇంకా ఎవరికీ ఏ హానీ చేయని పిల్లవాడు.

మీ రెండో ప్రశ్నకు వస్తే, మీ కోపం లోపం కాదు. చనిపోయినవారి పక్షాన ఎవరో ఒకరు కోపంగా ఉండటం అవసరం కూడా. ఆ కోపం ఒక్కచోట దారితప్పుతుంది కాబట్టి దాని గురించి మాత్రం హెచ్చరిస్తాను: ఇలాంటివాడి మాట అసలు వినకూడదని, అతనికి వకీలే ఉండకూడదని అనుకోవడం మొదలుపెట్టినప్పుడు. మన దేశంలో ఘోరమైన నేరాలు జరిగినప్పుడు నిందితుడి కేసు ఎవరూ తీసుకోకూడదని కొన్ని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేశాయి. అలాంటి తీర్మానాలు చెల్లవని, అవి రాజ్యాంగానికీ వృత్తి ధర్మానికీ విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లో మహమ్మద్ రఫీ కేసులో తేల్చిచెప్పింది. ఆ డాక్యుమెంటరీలోని మనిషిని మీరు క్షమించనవసరం లేదు, అతని బాల్యం తలచుకుని కంటతడి పెట్టనవసరమూ లేదు. అతని తరఫున ఒక వకీలు లేచి నిలబడి ఆ బాల్యాన్ని న్యాయమూర్తికి చెబుతున్నప్పుడు అడ్డుపడకుండా ఉంటే చాలు; మీ మిత్రులు కూడా మీ కోపానికి అంతే చోటు ఇవ్వాలి.